బంగారు స్టార్ల బోర్డు

పోయిన చలికాలం భిలాయ్ వెళ్ళినప్పుడు ఒక చిన్నపిల్లల బడి వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. ఆ బడి నడిపే అమ్మాయి మా వదినకి తెలిసినావిడ. ఒకప్పుడు నేను ఈ ఊళ్ళోనే ఒకటో క్లాసు పిల్లలకి చదువు చెప్పానని వదినే చెప్పిందట. ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. అంతవరకూ బాగానే ఉంది. తరవాత క్లాసురూములు చూపిస్తామని తీసుకెళ్ళారు. ఒకటో క్లాసు గోడ మీద గోడంత టీవీ. అందులో పిల్లల ఫోటోలు వరసగా ఉన్నాయి, ఒక్కో ఫోటో కింద బంగారు రంగు స్టార్లు. టీచరు చేతిలో ఫోను నొక్కితే టింగుమని చప్పుడై ఒక స్టారు గిరగిరా తిరుగుతూ వచ్చి ఎవరో పిల్లాడి ఫోటో కింద వాలుతోంది. అదే నిమిషంలో వాళ్ళమ్మ ఫోనుకి కూడా కబురు వెళ్తుందట. "పిల్లలకి భలే మోటివేషన్ అండీ, స్టార్ ఇస్తామంటే ఏం చెప్పినా చేసేస్తారు," అంది ఆ అమ్మాయి మురిసిపోతూ. చివరి వరసలో ఒక ఫోటో కింద ఏమీ లేదు. ఆ ఫోటోలో ఉన్న పిల్ల ఆ టీవీ ఎదురుగానే బెంచీ మీద కూర్చుని, తన పేరు కింద ఖాళీని తానే చూసుకుంటోంది.  నా చేతిలో పెట్టిన సమోసా కొరకబుద్ధి కాలేదు. కాగితంలో చుట్టి సంచిలో పడేసుకుని బయటికి వచ్చేశాను.

"ఏటి సత్యా, ఒంట్లో బాగులేదేటి?" అంది వదిన ఆటోలో. ఎండ తగిలిందన్నాను. చలికాలం సాయంత్రం ఏం ఎండ తగులుతుంది? వదిన నన్నొకసారి ఎగాదిగా చూసింది. తనకి చెప్పలేకపోవడానికి ఒక కారణం ఉంది. నాకు రోత పుట్టించిన అలాంటి బోర్డుని నేను మొదటిసారి చూసినప్పుడు దాని మీద తన కూతురు లత పేరు ఉండేది. వదినకి ఆ బోర్డంటే ఇప్పటికీ గర్వమే.

అప్పట్లో మేము సెక్టర్ 7లో ఉండేవాళ్ళం. ఇద్దరికి సరిపోయే క్వార్టరులో అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన, లత, పెళ్ళి కాని నేను. శ్రీకాకుళం పక్క నుంచి నాన్న కుర్రతనంలోనే వచ్చి ఉక్కు ప్లాంటులో చేరిపోయాడు. ఆయన పని స్లాగ్ బండి మీద. కొలిమిలో ఇనుము కరిగినప్పుడు పైన తేలే చిట్టేన్ని వాళ్ళు స్లాగ్ అంటారు. నిప్పుల పాయసంలా ఉండే ఆ స్లాగ్‌ని ఇంటంత గిన్నెల్లోకి పట్టి, ఆ గిన్నెల్ని రైలింజను లాక్కెళ్ళి, దూరంగా ఉన్న గుట్ట మీద ఒంపేస్తుంది. ఒంపినప్పుడు ఆకాశం సగం మేర ఎర్రబడిపోతుంది. సూర్యుడు దిగిపోయిన దిక్కులో మళ్ళీ ఉదయమైనట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కడో నిప్పంటుకుందని కంగారుపడేవారు. ఊళ్ళో వాళ్ళం మాత్రం తలెత్తి కూడా చూసేవాళ్ళం కాదు. ఆ వెలుతురులో బట్టలు తీసుకునేవాళ్ళం, బియ్యంలో రాళ్ళు ఏరేవాళ్ళం.

నాన్న డ్యూటీ నుంచి వస్తే ఇల్లంతా కాలిన అగ్గిపుల్లల వాసన వేసేది. యూనిఫారం అమ్మ ఇంట్లోకి రానిచ్చేది కాదు. వెనక వరండాలో మేకుకి వేలాడేది. బూట్లు బోర్లించి, కాళ్ళు గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పెట్టి, టీ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. అమ్మ ప్లాంటు మీద కోపమంతా గాల్లోంచి వచ్చి వాలే దాని మసి మీద చూపించేది. బట్టలు ఆరేసే ముందు తీగ ఒకసారి తుడిచేది, ఆరాక ఇంకోసారి దులిపేది, దులుపుతూ తిట్టేది. ఆ ఇంట్లో వంటకీ నిద్రకీ గడియారం కంటే షిఫ్టులే ముఖ్యం. నాన్నది రాత్రంతా సాగే సి షిఫ్టయితే పగలు మేమంతా గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం. బి షిఫ్టయితే మధ్యాహ్నం తిండి తొందరగా అయిపోయేది. బి షిఫ్టు వారమంటే లతకి పండగ. ఎందుకంటే నాన్న మధ్యాహ్నం సైకిలెక్కుతూ దానికొక మాట చెప్పి వెళ్ళేవాడు. "సీకటి పడ్డాక సూడమ్మా, నీకు లైటేస్తాను." చీకటి పడగానే లత వెనక వరండా మెట్టు మీద కూర్చునేది. అన్నం కలిపి అక్కడికే తెమ్మనేది. ఆకాశం ఎర్రబడగానే "తాత లైటు, తాత లైటు" అని అరుస్తూ ఇల్లంతా తిరిగి అందరినీ లాక్కొచ్చేది. నాన్న పదిన్నరకి వచ్చేసరికి అది నిద్రపోయేది. పొద్దున్న టీ దగ్గర ఇద్దరికీ లెక్కలు తేలేవి. "రాత్రి నా లైటు సూసినావేటమ్మా?" అనేవాడు. "దేఖా తాతా, పహలా వాలా బడా థా," అనేది అది. మొదటిది పెద్దగా ఉందట. "అదా, అది గిన్నె నిండా ఉంది మరి," అని నాన్న గంభీరంగా ఒప్పుకునేవాడు. ఆ ఊరి ఆకాశాన్ని వెలిగించేది తన తాత ఒక్కడేనని, అది కూడా తన కోసమేనని ఆ పిల్ల పూర్తిగా నమ్మింది. అందులో అబద్ధమేమీ లేదు కూడా.

అలాంటి రోజుల్లో నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు ప్రైమరీ బడి. ఒకటో క్లాసు టీచరుని. లత కూడా ఆ క్లాసులోనే చేరింది. ఇంట్లో అత్తా అనేది, బడి గేటు దాటగానే మిస్ అనేది. బడి నడిపేది విమలాదేవి గారు. ప్లాంటులో పెద్ద ఆఫీసరు భార్య. తెలుగువాళ్ళే, కానీ గుంటూరు వైపు వాళ్ళు. మా యాస వింటే ఆవిడ మూతి ఒక పక్కకి వెళ్ళేది. ఇస్త్రీ నలగని చీర, చేతిలో ఎప్పుడూ ఒక స్కేలు. స్కేలుతో ఎవరినీ కొట్టేది కాదు, అది మాత్రం ఒప్పుకోవాలి. "కొట్టి చదివించడం పాత పద్ధతి సత్యవతీ. మనం ఇన్సెంటివ్ ఇద్దాం," అనేది. ఆ మాట ఆవిడకి ఇంట్లోంచి వచ్చింది. ప్లాంటులో ఎవరు ఎంత పనిచేస్తే నెలకి ఎంత ఇన్సెంటివ్ రావాలో లెక్కగట్టే ఆఫీసులో ఆవిడ భర్త పనిచేసేవాడు. ప్లాంటులో ఒక్కో విభాగాన్ని షాపంటారు, ప్రతి షాపు గుమ్మం దగ్గరా ఒక ఉత్పత్తి బోర్డు ఉండేది, నిన్నటి టార్గెట్ ఎంత, అయ్యింది ఎంత అని. సరిగ్గా అలాంటి బోర్డే చేయించి ఆవిడ ఒకటో క్లాసు గోడకి కొట్టించింది. షాపుల పేర్లున్న చోట పిల్లల పేర్లు. ఆరేళ్ళ పిల్లలకి టార్గెట్లు. ఇలా కూడా ఆలోచించవచ్చునని భిలాయ్‌లో తప్ప ఇంకెక్కడా ఎవరికీ తట్టి ఉండదు.

జవాబు చెబితే బంగారు స్టారు. గోళ్ళు శుభ్రంగా ఉంటే స్టారు. ఇంగ్లీషులో అడిగి నీళ్ళకి వెళ్తే స్టారు. శుక్రవారం స్టార్లు లెక్కపెట్టి గాజు సీసాలోంచి చాక్లెట్లు పంచేవారు. నెలాఖరుకి ఎవరికి ఎక్కువుంటే వాళ్ళకి కిరీటం. ఆ కిరీటం గురించి చెప్పకుండా ముందుకి పోలేను. అట్టముక్కకి బంగారు కాగితం అంటించిన ఒకే ఒక్క కిరీటం. నెలనెలా అదే తలలు మారేది. లోపలి వైపు కొబ్బరినూనె, ఆవనూనె, చెమట కలిసి అట్ట నల్లగా జిడ్డోడేది. దాన్ని ముట్టుకుంటే నాకు చేతులు కడుక్కోవాలనిపించేది. కిరీటం పెట్టుకున్న పిల్లలందరికీ వరసపెట్టి పేలు పట్టాయి. అయినా దాన్ని మార్చలేదు, ఎందుకంటే అది ఆవిడ స్వహస్తాలతో చేసింది. ఒక్కొక్క తల్లీ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పేల దువ్వెనతో దువ్వుతూ, "కిరీటం పేలు" అని గొప్పగా చెప్పుకునేది.

ఇక చార్టులు. విమలాదేవి గారు ఢిల్లీ వెళ్ళినప్పుడల్లా చుట్టలు చుట్టలుగా చార్టులు తెచ్చేది. పండ్లు, జంతువులు, మనకి సాయం చేసేవాళ్ళు, పగలు-రాత్రి. అన్నిటికీ ప్లాస్టిక్ తొడిగించి, ముట్టుకోకుండా పిల్లలకి అందని ఎత్తులో కట్టించేది. బొమ్మ చూపించి చదువు చెప్పడం మంచిదేనని నేనూ నమ్మేదాన్ని, ఇప్పటికీ నమ్ముతాను. పిల్లలకి కళ్ళే ముందు చదువుకుంటాయి. కానీ ఆవిడకి చార్టు అంటే చూడ్డానికి సాయం కాదు, చూడాల్సింది అదొక్కటే. పక్కనున్న మరోదా ఊరి నుంచి వచ్చే ఒక కుర్రాడు పండ్ల పాఠం రోజున ఇంటి చెట్టు జామకాయ పట్టుకొచ్చాడు. క్లాసంతా వాసన చూసింది, కొరికింది, గింజలు లెక్కపెట్టింది. నాకు ఆ ఏడాది మొత్తం మీద సంతోషం వేసిన పాఠం అదొక్కటే. ఆవిడ వచ్చి జామకాయ కిటికీలోంచి పారేయించి, "చార్టులో ఉండగా మళ్ళీ ఈ చెత్తెందుకు?" అంది. ఇంకో రోజు గోడ మీద ఆవు బొమ్మ చూపిస్తుంటే, గేటు దగ్గర నిజం ఆవు నిలబడి అంబా అంది. పిల్లలంతా కిటికీ వైపు తిరిగారు. తిరిగినవాళ్ళందరికీ తలో స్టారు పీకించేసింది. ఆవుల పాఠంలో ఆవుని చూసినందుకు. స్టాఫ్ రూములో ఈ మాట చెప్పి నవ్వాను కానీ లోపల ఒళ్ళు మండిపోయింది.

స్టార్లు వచ్చాక పిల్లలు మారిపోయారు. పెన్సిలు ముక్క అడిగితే ఇచ్చేవాళ్ళు ఇవ్వడం మానేశారు. ఎవడు హిందీలో మాట్లాడాడో, ఎవడు గోళ్ళు కొరికాడో వచ్చి నా చెవిలో ఊదడం మొదలుపెట్టారు. చాడీకి కూడా స్టారు ఉండేది, దాని పేరు 'మంచి పౌరుడు'. ఒక పిల్ల పక్కవాడి స్టారు గోటితో గీకి, వెనక నాకి, తన పేరు కింద అంటించుకుంది.  ఆరేళ్ళ నోట్లో ఆ జిగురు రుచి. డెస్కుల్లో చాక్లెట్ కాగితాలు, కాగితాలకి చీమలు. పాఠం మధ్యలో కథ చెప్పడం మొదలుపెడితే, "మిస్, ఇస్‌కా స్టార్ మిలేగా?" అని అడిగేవారు. దీనికి స్టారు వస్తుందా అని. లేదంటే కథ వినడం మానేసి కబుర్లు చెప్పుకునేవారు. అన్నం తినే ముందు చెయ్యి కడుక్కోమంటే కూడా అదే ప్రశ్న. అంతకుముందు వీళ్ళే నేను కథ ఆపితే ఏడ్చిన పిల్లలు.

ప్రతి శుక్రవారం డ్రాయింగ్ క్లాసు విమలాదేవి గారే తీసుకునేది. నేను వెనక నిలబడి క్రేయాన్లు అందించాలి. ఆ శుక్రవారం పగలు-రాత్రి చార్టు కట్టారు. ఎడమ పక్క నీలం ఆకాశం, పసుపు సూర్యుడు. కుడి పక్క నల్ల ఆకాశం, తెల్ల చుక్కలు. కాగితం సగానికి మడిచి అలాగే వెయ్యమంది. లత తల వంచుకుని వేస్తోంది, నాలుక కొస బయటపెట్టి. పగలు అందరిలాగే వేసింది. రాత్రి సగానికి వచ్చేసరికి నారింజ క్రేయాను తీసింది, తరవాత ఎరుపు తీసింది. కింద నల్లటి గుట్ట, గుట్ట మీద చిన్న గిన్నె, గిన్నె పక్కన పుల్లల్లాంటి కాళ్ళతో ఒక మనిషి. మనిషి నెత్తి మీద హెల్మెట్టు. ఆకాశమంతా మంట రంగు.  అంత బాగా ఆ క్లాసులో ఎవరూ ఎప్పుడూ ఏమీ వెయ్యలేదు.

విమలాదేవి గారు ఆ కాగితం రెండు వేళ్ళతో ఎత్తి క్లాసుకి చూపించింది. "ఇదేంటి? ఎవరింటికి నిప్పంటుకుంది?" అంది. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా చెవుల్లో ఉంది. అందులో సగం మంది ఇళ్ళు గుట్టకి మా ఇంటికంటే దగ్గర. వాళ్ళ కిటికీలు రోజూ సాయంత్రం ఎర్రబడతాయి. అయినా మేడమ్ నవ్వింది కాబట్టి నవ్వారు. "రాత్రి ఆకాశం ఏ రంగు?" అని అడిగింది ఆవిడ. "బ్లాక్ మేడమ్," అన్నారందరూ. గట్టిగా అన్నవాళ్ళకి అక్కడికక్కడే స్టార్లు ఇచ్చింది. "వో తో తాతా కా లైట్ హై," అంది లత చిన్నగా, అది తాత లైటు అని. ఆవిడకి వినపడలేదో, వినపడనట్టు ఉందో తెలీదు. లత పేరు కింద ఉన్న స్టార్లు స్కేలు అంచుతో ఒక్కొక్కటీ గీకి తీసేసింది.

సాయంత్రం ఆవిడ గదికి వెళ్ళాను. ఉద్యోగం కొత్త, భయమూ ఉంది, అయినా వెళ్ళాను. "మేడమ్, ఇక్కడ రాత్రిపూట ఆకాశం నిజంగానే ఎర్రగా ఉంటుంది కదా. పిల్ల చూసిందే వేసింది," అన్నాను.

"నాకు తెలీదా సత్యవతీ? మా డాబా మీద నుంచి మీకంటే బాగా కనిపిస్తుంది," అంది ఆవిడ తాపీగా. "కానీ వచ్చే నెల ఇన్‌స్పెక్షన్. వచ్చే ఆయన భిలాయ్ మనిషి కాడు. ఆయన చూసేది చార్టుని. పిల్లలు చార్టులో ఉన్నది చెప్పాలి."

"కళ్ళతో చూసింది తప్పంటే పిల్లలు ఇంకేం నేర్చుకుంటారు మేడమ్?"

"మీ వాళ్ళ పిల్ల కాబట్టి మీకు బాధగా ఉంది. అర్థం చేసుకోగలను. అన్నట్టు, స్టార్లు తక్కువున్న పిల్లల్ని ఇన్‌స్పెక్షన్ రోజు ఇంటి దగ్గరే ఉంచెయ్యమని చెప్పండి. లత సంగతి కూడా చూసుకోండి."

అంటే క్లాసులో బొమ్మ వేసినందుకు పిల్ల ఆ రోజు బడికి రాకూడదన్న మాట. ఆవిడ గదిలో అగరొత్తి వెలుగుతోంది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు వెగటే. ఇంటికి వచ్చి చెబితే వదిన నా మీదే విరుచుకుపడింది. "నీ క్లాసులో ఉండి నా పిల్ల ఇంట్లో కూకోవాలేటి? నలుపేస్తే పోయేదానికి ఎరుపేటి దానికి?" అని ఏడ్చింది. వదిన బాధ వదినది. క్వార్టర్ల వరసలో అందరికీ బోర్డు సంగతి తెలుసు. ఎవరి పిల్లకి ఎన్ని స్టార్లో కుళాయి దగ్గర చెప్పుకునేవారు. తన పిల్ల పేరు కింద ఏమీ లేదని పక్కింటావిడ నోట వినాల్సి వస్తుందని తన బెంగ.

మర్నాడు పొద్దున్న టీ దగ్గర లత నాన్నని అడిగింది, రాత్రి ఏ రంగని.

"నాను డ్యూటీలో ఉంటే ఎరుపు, మానేస్తే నలుపు," అని నవ్వాడు నాన్న. తరవాత దాని ముఖం చూసి సాసరు కింద పెట్టాడు. "ఆ సార్టేసినోడు భిలాయ్ సూడ్లేదమ్మా. ఆడికి తెలీదు. దానికి నీకేడుపెందుకు?"

"మేడమ్ చూశారు కదా తాతా. ఉన్‌కే ఛత్ సే దిఖతా హై," అంది లత. వాళ్ళ డాబా మీంచి కనిపిస్తుంది కదా అని. నేను ఇంట్లో చెప్పిన మాట అది ఎప్పుడు విందో.  తెలియనివాడి తప్పు నాన్న చెప్పగలిగాడు కానీ, తెలిసి కాదనే మనిషి గురించి ఆరేళ్ళ పిల్లకి ఏం చెబుతాడు? నా వైపు తిరిగాడు. "నాకూ ఇస్తారమ్మా ఇన్సెంటివ్. ఇచ్చిన నెలా గిన్నె ఒంపుతాను, ఇవ్వని నెలా ఒంపుతాను. ఒంపకపోతే కొలిమి ఆగిపోద్ది. అది పనిరా. ఈ పిల్ల గుంటలకి అక్షరాలకి కూడా లంచమిస్తారేటి?" అన్నాడు. ఆయన కోపంగా మాట్లాడ్డం నేను విన్నది అరుదు.

తరవాతి శుక్రవారం అదే చార్టు, అదే పాఠం. లత ఎవరూ చెప్పకుండానే నల్ల క్రేయాను తీసింది. సగం కాగితం మీద అది అరిగి ముక్కయ్యేదాకా రుద్దింది. కాగితం మెరిసిపోయేంత నలుపు. అరిచెయ్యి నలుపు, గోళ్ళు నలుపు, ముక్కు మీద కూడా నలుపు. తెల్ల చుక్కలు చార్టులో ఎక్కడెక్కడున్నాయో సరిగ్గా అక్కడక్కడే పెట్టింది. గుట్ట లేదు, గిన్నె లేదు, హెల్మెట్టు మనిషి లేడు. "వెరీ గుడ్ లతా," అని విమలాదేవి గారు దాని బుగ్గ తట్టి, వరసగా స్టార్లు అంటించి, సీసాలోంచి రెండు చాక్లెట్లు తీసి ఇచ్చింది. బొమ్మని చార్టు పక్కనే కట్టించింది. నేను ఆ చార్టునీ, ఆ బొమ్మనీ పక్కపక్కన చూస్తూ నిలబడ్డాను. నాకు అసహ్యం వేసింది, ఆవిడ మీద, ఆ గోడ మీద, ఆ ఉద్యోగం మీద. పిల్ల మీద మాత్రం వెయ్యలేదు. అది బతకడం నేర్చుకుంటోంది, అంతే.

ఇన్‌స్పెక్షన్ రోజున ఖాళీ పేర్ల పిల్లలు ఇళ్ళ దగ్గర ఉండిపోయారు. జామకాయ తెచ్చిన కుర్రాడు కూడా. వచ్చిన పెద్దమనిషి చార్టులు చూసి ముచ్చటపడ్డాడు. స్కేలు రాత్రి వైపు పెట్టి రంగు అడిగాడు. లత చెయ్యెత్తి, నిటారుగా నిలబడి, "బ్లాక్ సర్," అంది. చప్పట్లు. ఆ నెల కిరీటం దానిదే. వదిన చలిమిడి చేసి వరసంతా పంచింది. నాన్నకి కూడా ఒక ముద్ద పెట్టింది. ఆయన తిని చెయ్యి కడుక్కున్నాడు. వారం తిరక్కుండా ఇంట్లో అందరికీ పేలు పట్టాయి.

ఆ వేసవికే నేను ఆ బడి మానేశాను. తరవాత ఎన్నో ఊళ్ళలో, ఎన్నో బళ్ళలో పనిచేశాను. ఎక్కడికి వెళ్ళినా ఏదో ఒక రూపంలో ఆ బోర్డు నాకంటే ముందే వచ్చి గోడెక్కి కూర్చుంది. అట్ట పోయి ప్లాస్టిక్ వచ్చింది, ప్లాస్టిక్ పోయి టీవీ వచ్చింది. అప్పుడు స్టారు పడితే ఆ క్లాసుకే తెలిసేది, ఇప్పుడు తల్లి జేబులో టింగుమంటోంది. అప్పుడు పిల్ల కనీసం ఇంటికొచ్చాక బోర్డుకి దూరంగా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. బాగుపడిందేమైనా ఉందా అంటే పేలు పట్టవు, అదొక్కటే. లత ఇప్పుడు రాయపూర్‌లో ఉంటుంది, ఇద్దరు పిల్లలు. మంచి పిల్ల, నన్ను చూస్తే కావలించుకుంటుంది. వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీద పాలు తాగితే ఒకటి, పళ్ళు తోముకుంటే ఒకటి అని రంగు స్టార్లు అంటించి ఉంటాయి. నేను వెళ్ళినప్పుడల్లా ఆ తలుపు వైపు చూడకుండా మంచినీళ్ళు తీసుకుంటాను.

భిలాయ్ ఆకాశం కూడా మునుపట్లా లేదు. స్లాగ్‌ని ఇప్పుడు చాలావరకు కొలిమి దగ్గరే నీళ్ళు కొట్టి ఇసకలా చేసేస్తున్నారట, గుట్ట మీద ఒంపడం తగ్గిపోయిందట. మొన్న వెళ్ళినప్పుడు అన్నయ్య ఇంటి డాబా ఎక్కి చీకటి పడ్డాక చాలాసేపు నిలబడ్డాను. చార్టులో ఉన్నట్టే ఉంది. నాన్న ఇవన్నీ చూడకుండానే పోయాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన చావు కాదు, కిరీటం వచ్చిన తరవాతి బి షిఫ్టు వారంలో ఒక పొద్దుటి పూట.

నాన్న వెనక వరండాలో కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. లత మెట్టు మీద నిలబడి ఉంది, నేను దానికి జడ వేస్తున్నాను. ముందు రోజు సాయంత్రం ఆకాశం బ్రహ్మాండంగా ఎర్రబడింది. లత లోపల కూర్చుని చాక్లెట్ కాగితాలు సాపు చేసుకుంటూ బయటికే రాలేదు. ఆ సంగతి నాన్నకి నేను చెప్పలేదు.

"రాత్రి నా లైటు సూసినావేటమ్మా?" అన్నాడు నాన్న.

"సూడ్లేదు తాతా."

"పోనీలే. ఈవేళ సూడు. సీకటి పడగానే నిండు గిన్నె ఒంపుతాను, నీ కోసమే."

లత రిబ్బను కొస నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. అల్లరిగా అడగలేదు, మారాంగా అడగలేదు. సంతలో బెండకాయల ధర అడిగినట్టు మామూలుగా అడిగింది.

"సూస్తే ఏటిస్తావు?"

నాన్న సాసరు నేల మీద పెట్టాడు. నా వైపు చూడలేదు. లేచి, మేకుకి వేలాడుతున్న యూనిఫారం చొక్కా దగ్గరికి వెళ్ళి, జేబులో చెయ్యి పెట్టి వెతికాడు. ఒక జేబు అయ్యాక ఇంకో జేబు. ఏమీ దొరకలేదు.

"క్యాంటీన్ నుంచి బిస్కట్లు అట్టుకొస్తానమ్మా," అన్నాడు, చొక్కా వైపే తిరిగి. "పొద్దున్న లెగిసేసరికి నీ తలగడ కాడ ఉంటాయి."

"ఎన్ని?" అంది లత.